కరెంటు స్తంభం లేని చోట ఇల్లు: వికారాబాద్, తాండూరు వైపు సోలార్ పెట్టుకుంటే ఏ ఫ్యాన్, ఏ ఫ్రిజ్ కొనాలి?

హైదరాబాద్ నుంచి వికారాబాద్ 70 కిలోమీటర్ల పైచిలుకు. అక్కడి నుంచి తాండూరు మరో 40. ఈ దారి పొడవునా చేలల్లో చిన్న చిన్న ఇళ్లు లేస్తున్నాయి. కొన్ని శని, ఆదివారాల ఇళ్లు. కొన్ని రిటైరయ్యాక సొంతూరి చేను దగ్గరే ఉండిపోదామని వచ్చినవాళ్లవి. ఇంకొన్ని ఎప్పటి నుంచో పొలంలోనే కాపురం ఉంటున్న రైతు కుటుంబాలవి. రోడ్డు మీది స్తంభం దగ్గర బండి దిగి, బాట పట్టి అరకిలోమీటరు లోపలికి నడిచాక అందరికీ ఎదురయ్యే ప్రశ్న ఒకటే. కరెంటు ఎలా?

"సోలార్ పెట్టుకోండి సార్, బిల్లే ఉండదు" అనే జవాబు సులువుగా దొరుకుతుంది. అరగంటలో వాట్సాప్‌లో కొటేషన్ కూడా వచ్చేస్తుంది. ఎన్ని కిలోవాట్ల ప్యానెళ్లు, ఎన్ని బ్యాటరీలు, మొత్తం ఎంత. అందులో ఉండని ప్రశ్న ఒకటుంది: ఆ ఇంట్లో ఏ ఫ్యాన్ తిరుగుతుంది, ఏ ఫ్రిజ్ నడుస్తుంది? అది అడగకుండా ఇచ్చిన కొటేషన్‌ను అంచనా అనలేం.

నగరంలో తప్పు ఫ్యాన్ కొంటే నెల బిల్లు కాస్త పెరుగుతుంది, అంతే. గ్రిడ్ లేని ఇంట్లో తప్పు ఫ్యాన్ కొంటే జులైలో మబ్బు పట్టిన రెండో రాత్రో మూడో రాత్రో ఇన్వర్టర్ కూతపెట్టి ఆగిపోతుంది. ఫ్రిజ్‌లో పాలు, కూరలు మాత్రమే ఉంటే పారేసుకోవచ్చు. నాన్నగారి ఇన్సులిన్ ఉంటే అలా కుదరదు. అందుకే ఈ లెక్క ప్యానెళ్ల దగ్గర కాకుండా వస్తువుల దగ్గర మొదలుపెట్టాలి.

ముందు స్తంభం సంగతి తేల్చుకోండి

మీ చేనుకు దగ్గర్లోనే లైన్ ఉంటే మొదటి ప్రయత్నం కనెక్షన్ కోసమే చేయండి. ఈ జిల్లాకు కరెంటు ఇచ్చేది టీజీఎస్‌పీడీసీఎల్. కేంద్ర విద్యుత్ శాఖ 2024 ఫిబ్రవరిలో సవరించిన వినియోగదారుల హక్కుల నిబంధనల ప్రకారం గ్రామీణ ప్రాంతాల్లో కొత్త కనెక్షన్‌కు గడువు 15 రోజులు. కొత్తగా స్తంభాలు, ట్రాన్స్‌ఫార్మర్ వేయాల్సి వస్తే కథ మారుతుంది. అప్పుడు ఖర్చు ఎంతో రాతపూర్వకంగా ఎస్టిమేట్ తీసుకుని, దాన్ని సోలార్ కొటేషన్ పక్కన పెట్టి చూడండి. రేషన్ కార్డు ఉండి ఆ ఇంట్లోనే కాపురం ఉండేవారికైతే గృహజ్యోతి కింద నెలకు 200 యూనిట్ల వరకు ఉచితం. ఆ అర్హత ఉన్నవారు బ్యాటరీల మీద డబ్బు పోయడంలో అర్థం లేదు.

చేలో బోరు ఉంది, వ్యవసాయ కనెక్షన్ ఉంది, తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి సాగుకు 24 గంటల ఉచిత కరెంటు ఉంది. దాని నుంచే ఒక వైరు లాగి షెడ్డులో ఫ్రిజ్, ఫ్యాన్ నడుపుకుంటే పోలా అని చాలామందికి అనిపిస్తుంది. చాలాచోట్ల జరుగుతున్నదీ అదే. కానీ ఒక కేటగిరీ కింద తీసుకున్న కరెంటును మరో పనికి వాడటం విద్యుత్ చట్టం-2003లోని 126వ సెక్షన్ ప్రకారం అనధికార వినియోగం. తనిఖీలో దొరికితే ఆ వాడకానికి వర్తించే టారిఫ్‌కు రెండింతలు కట్టాలి.

ఇక అందరూ అడిగే పీఎం సూర్యఘర్. 2024 ఫిబ్రవరిలో వచ్చిన ఈ పథకంలో 1 కిలోవాట్‌కు 30 వేలు, 2 కిలోవాట్లకు 60 వేలు, 3 కిలోవాట్లు, ఆపైన ఎంత పెట్టినా 78 వేల రూపాయల సబ్సిడీ. అయితే ఇది గ్రిడ్‌కు కలిపిన ఇళ్లకే. దరఖాస్తుకే డిస్కం సర్వీస్ నంబర్ కావాలి. స్తంభమే లేని ఇంటికి ఆ నంబర్ ఎక్కడిది? "సబ్సిడీ ఇప్పిస్తాం" అంటూ ఆఫ్‌గ్రిడ్ సిస్టమ్ అమ్మజూపే వారి దగ్గర ఈ ఒక్క ప్రశ్న వేయండి. ఇంకో మాట. సూర్యఘర్ కింద పెట్టే మామూలు ఆన్‌గ్రిడ్ సిస్టమ్‌లో బ్యాటరీ ఉండదు. లైన్‌లో కరెంటు పోతే ఎండ మండుతున్నా అది ఆగిపోతుంది. లైన్ మీద పనిచేసే సిబ్బందికి షాక్ కొట్టకుండా పెట్టిన రక్షణ అది. నగరంలో బంధువుల ఇంటి మీద చూసిన సోలార్, మీ చేలో పెట్టుకోబోయే సోలార్ ఒకటి కావు.

వాట్ ఒకటి, యూనిట్ మరొకటి

మిక్సీ 500 వాట్లు. బీఎల్‌డీసీ ఫ్యాన్ 30 వాట్లు. ఏది ఎక్కువ కరెంటు తింటుంది? మిక్సీ రోజుకు పది నిమిషాలు తిరిగితే 83 వాట్‌-అవర్లు. ఆ ఫ్యాన్ పది గంటలు తిరిగితే 300. వెయ్యి వాట్‌-అవర్లు కలిస్తే ఒక యూనిట్. అంటే చిన్న ఫ్యానే మిక్సీకి మూడున్నర రెట్లు తిన్నట్టు.

కాబట్టి ప్రతి వస్తువుకూ రెండు అంకెలు రాసుకోవాలి. ఒకేసారి ఎన్ని వాట్లు లాగుతుందన్నది ఇన్వర్టర్ సైజును నిర్ణయిస్తుంది. రోజంతా కలిపి ఎన్ని యూనిట్లు తింటుందన్నది ప్యానెళ్లను, బ్యాటరీని నిర్ణయిస్తుంది. షాపులో మనకు వినిపించేది మొదటి అంకె. మన జేబుకు చిల్లు పెట్టేది రెండోది.

ఒక ఇంటి లెక్క చూద్దాం. నలుగురున్న ఇల్లు. నాలుగు 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బులు రోజుకు ఐదు గంటలు, మూడు ఫ్యాన్లు పదేసి గంటలు, సింగిల్ డోర్ ఫ్రిజ్, 32 అంగుళాల టీవీ నాలుగు గంటలు, వైఫై రౌటర్, ఫోన్ల చార్జింగ్, మిక్సీ, నీళ్లకు ఒక చిన్న మోటార్. ఆలోచించకుండా కొంటే లెక్క ఇలా వస్తుంది: 75 వాట్ల మామూలు ఫ్యాన్లు మూడింటికి 2,250 వాట్‌-అవర్లు, ఏడాదికి 220 యూనిట్లు తినే ఫ్రిజ్‌కు రోజుకు 600, మోటార్‌కు 550, రౌటర్ రాత్రీపగలూ ఉంటే 240, బల్బులకు 180, టీవీకి 180, ఫోన్లు, మిక్సీ కలిపి 130. వీటికి తోడు ఇన్వర్టర్ తన కోసం తాను తినేది 720. అవును, ఇన్వర్టర్ కూడా తింటుంది, దాని సంగతి తర్వాత. మొత్తం 4,850, అంటే దాదాపు 4.9 యూనిట్లు.

అదే ఇల్లు, అదే సౌకర్యం, వస్తువులు మాత్రం వేరు. 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లు పెడితే మూడింటికీ కలిపి 900. ఏడాదికి 130 యూనిట్ల లోపు తినే ఫ్రిజ్‌కు రోజుకు 350. రాత్రి పడుకునేటప్పుడు రౌటర్ ఆపేస్తే 160. తక్కువ తిండి ఇన్వర్టర్‌కు 360. మిగతావి మారవు. మొత్తం 2,810. రెండు యూనిట్లు మిగిలాయి. ఎవరూ చెమటలో పడుకోలేదు, ఎవరూ టీవీ మానుకోలేదు.

ఈ రెండు యూనిట్ల విలువెంత? మన ప్రాంతంలో 1 కిలోవాట్ ప్యానెళ్ల నుంచి ఏడాది సగటున రోజుకు 4 యూనిట్లు వస్తాయని అంచనా వేస్తారు. బ్యాటరీలోకి వెళ్లి, బయటికొచ్చి, ఇన్వర్టర్ దాటి ప్లగ్ దాకా వచ్చేసరికి చేతికందేది 3 యూనిట్లు అనుకోండి. మొదటి ఇంటికి 1.6 కిలోవాట్లు కావాలి. రెండో ఇంటికి 1 కిలోవాట్ చాలు. బ్యాటరీ లెక్క ఇంకా గట్టిగా తగులుతుంది. పొద్దు గుంకినప్పటి నుంచి తెల్లారేదాకా మొదటి ఇల్లు 2.7 యూనిట్లు తింటుంది, రెండోది 1.4. ఒక 12 వోల్టుల 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీలో ఉండేది 1.8 యూనిట్లు. ఎక్కువ కాలం బతకాలంటే అందులో సగమే వాడుకోవాలి. అలా మొదటి ఇంటికి మూడు బ్యాటరీలు, రెండో ఇంటికి రెండు. ఒక్కొక్కటి 15 వేల రూపాయల చుట్టూ ఉంటుంది, కొన్నేళ్లకోసారి మళ్లీ కొనాలి కూడా. మూడు మంచి ఫ్యాన్ల కోసం అదనంగా పెట్టాల్సింది నాలుగైదు వేలు. బేరం ఎటు మొగ్గిందో చూశారుగా.

ఫ్యాన్ దగ్గర మోసపోవడం కష్టం, అయినా...

సీలింగ్ ఫ్యాన్లకు స్టార్ లేబుల్ 2023 జనవరి 1 నుంచి తప్పనిసరి. దాని మీద స్టార్లతో పాటు సర్వీస్ వాల్యూ అని ఒక అంకె ఉంటుంది. ఒక్కో వాట్‌కు ఎంత గాలి తోస్తుందో చెప్పేది అదే. వాట్లు తక్కువ, గాలీ తక్కువ అనే ఫ్యాన్‌ను పట్టించేదీ అదే. 28 నుంచి 35 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లు ఇప్పుడు దాదాపు అన్ని కంపెనీల్లో ఉన్నాయి. కనిష్ఠ వేగంలో పెడితే ఐదారు వాట్లకు మించవు. అనంతగిరి వైపు రాత్రిళ్లు చల్లగా ఉంటాయి కాబట్టి ఏడాదిలో చాలా రోజులు అదే వేగం సరిపోతుంది.

బిగించేటప్పుడు ఎలక్ట్రీషియన్‌కు ఒక మాట చెప్పండి: గోడ మీది పాత రెగ్యులేటర్ తీసేయమని. బీఎల్‌డీసీ ఫ్యాన్ వేగం దాని రిమోట్‌తోనో, దాని సొంత స్విచ్‌తోనో మారాలి. పాత రెగ్యులేటర్‌తో కలిపితే లోపలి సర్క్యూట్ పాడవుతుంది. ఇన్వర్టర్ కూడా ప్యూర్ సైన్ వేవ్‌దే అయి ఉండాలి. చవగ్గా వస్తుందని స్క్వేర్ వేవ్ తీసుకుంటే ఫ్యాన్లు గుయ్యిమంటాయి, మోటార్లు వేడెక్కుతాయి.

ఫ్రిజ్: పాతది చేనుకు పంపకండి

మన ఇళ్లలో ఒక అలవాటుంది. నగరంలోని ఇంటికి కొత్త ఫ్రిజ్ వస్తుంది, పాతది ఆటో ఎక్కి చేనుకు పోతుంది. గ్రిడ్ లేని ఇంటికి ఇంతకన్నా ఖరీదైన ఆదా లేదు. తలుపు రబ్బరు వదులైన పాత డబుల్ డోర్ ఫ్రిజ్‌లు ఏడాదికి 500 యూనిట్లు కూడా దాటొచ్చు. అంటే రోజుకు 1.4 యూనిట్లు, మనం పైన లెక్కేసిన రెండో ఇంటి మొత్తం వాడకంలో సగం. అనుమానంగా ఉంటే ప్లగ్‌కూ ఫ్రిజ్‌కూ మధ్య పెట్టే చిన్న ఎనర్జీ మీటర్ ఒకటి ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. ఇప్పుడున్న ఇంట్లోనే రెండు రోజులు పెట్టి చూడండి. అదే మీటర్‌తో టీవీ, సెట్‌టాప్ బాక్స్, వాషింగ్ మెషీన్ కూడా కొలవచ్చు. ఈ మొత్తం వ్యవహారంలో అన్నింటికన్నా లాభసాటి కొనుగోలు అదేనని నా అభిప్రాయం.

కొత్తది కొనేటప్పుడు స్టార్లను కాసేపు మర్చిపోండి. లేబుల్ మీద ఏడాదికి ఎన్ని యూనిట్లు అని రాసి ఉంటుంది. దాన్ని 365తో భాగించండి. అదే మీ బ్యాటరీకి కావాల్సిన అంకె. ఎందుకంటే స్టార్లు ఒకే రకం, దగ్గర దగ్గర సైజులున్న వాటి మధ్య పోటీలో వచ్చిన మార్కులు. పెద్ద ఫ్రిజ్‌కు స్టార్లు ఎక్కువున్నా, తక్కువ స్టార్ల చిన్న ఫ్రిజ్ కన్నా ఎక్కువ యూనిట్లు తినొచ్చు. లేబుల్ మీద అది ఏ కాలానికి వర్తిస్తుందో కూడా ఉంటుంది, అదీ చూడండి. బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ కొలమానాన్ని అప్పుడప్పుడు బిగిస్తూ ఉంటుంది. ఏసీల విషయంలో 2022 జులైలో అలా మార్చినప్పుడు అప్పటిదాకా 5 స్టార్ ఉన్నవి 4 స్టార్‌కు దిగాయి. గోదాములో మిగిలిన పాత స్టాక్‌ను పాత స్టార్లతో చూపించే షాపులుంటాయి. బీఈఈకి స్టార్ లేబుల్ యాప్ ఉంది. షాపులో నిలబడే మోడల్ నంబర్ కొట్టి సరిచూసుకోవచ్చు.

లేబుల్ చెప్పని సంగతి ఒకటుంది. మామూలు కంప్రెసర్ స్టార్టయ్యే క్షణంలో నడిచేటప్పటి కన్నా అనేక రెట్లు కరెంటు లాగుతుంది. 120 వాట్ల ఫ్రిజ్ కోసం ఆ ఒక్క క్షణానికి ఇన్వర్టర్ 600 వాట్లకు సిద్ధంగా ఉండాల్సి రావచ్చు. అదే సమయంలో మిక్సీ తిరుగుతుంటే ట్రిప్ అవుతుంది. ఇన్వర్టర్ కంప్రెసర్ ఉన్న ఫ్రిజ్ మెల్లగా మొదలవుతుంది, తక్కువ వేగంలో ఎక్కువ సేపు నడుస్తుంది. సోలార్ ఇంటికి అది నప్పుతుంది. సైజు 180-200 లీటర్లు, సింగిల్ డోర్, డైరెక్ట్ కూల్ అయితే మంచిది. ఫ్రాస్ట్ ఫ్రీ రకంలో మంచు కరిగించడానికి లోపల హీటర్ ఉంటుంది, దానికీ మీ బ్యాటరీయే దిక్కు.

పగలు నీళ్ల సీసాలు ఫ్రీజర్‌లో గడ్డకట్టించి పెట్టుకుంటే రాత్రి కంప్రెసర్ తక్కువసార్లు తిరుగుతుంది. ఎండను మంచుగా దాచుకోవడమన్నమాట. కానీ ఇన్సులిన్ ఉన్న ఇంట్లో జాగ్రత్త. వాడకం మొదలుపెట్టని ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, గడ్డకడితే పనికిరాదు. ఫ్రీజర్‌కు ఆనించకుండా మధ్య అరలో పెట్టండి. అలాంటి ఇంట్లో ఫ్రిజ్ లెక్కను మబ్బు రోజులకు వేసుకోవాలి, మండే ఎండ రోజులకు కాదు. వరుసగా రెండు రోజులు ప్యానెల్ సగమే ఇచ్చినా ఫ్రిజ్ ఆగకూడదు. అవసరమైతే టీవీ ఆగాలి, రెండు ఫ్యాన్లు ఆగాలి. కుదిరితే ఫ్రిజ్‌కు విడిగా ఒక స్విచ్, మిగతా ఇంటికి విడిగా ఒక స్విచ్ వైరింగ్‌లోనే పెట్టించుకోండి. తర్వాత గోడలు పగలగొట్టడం కన్నా అది చవక.

ఏసీ, గీజర్, ఇండక్షన్ పొయ్యి

సూటిగా చెప్పాలంటే వద్దు. ఏసీ లేబుల్ మీది వార్షిక యూనిట్లు ఏడాదికి 1,600 గంటల వాడకానికి లెక్కేసినవి. 750 యూనిట్లని రాసుంటే గంటకు అర యూనిట్‌కు కాస్త తక్కువ. ఎనిమిది గంటల రాత్రికి 3.7 యూనిట్లు. అంటే ఆ ఒక్క ఏసీ మనం లెక్కేసిన ఇల్లంతా ఒక రోజుకు తినేదానికన్నా ఎక్కువ తింటుంది, అదీ బ్యాటరీ నుంచి. డబ్బుంటే పెట్టుకోవచ్చు, ఎవరూ కాదనరు. మొత్తం సిస్టమ్ రెండింతలవుతుందని తెలిసి పెట్టుకోండి. తాండూరు వైపు ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటే ఎండలు పొడి ఎండలు. కూలర్ బాగా పనిచేసే వాతావరణం అది, 100-200 వాట్లతో పోతుంది.

గీజర్ 2,000 వాట్లు. కప్పు మీద నీళ్లు కాచే సోలార్ వాటర్ హీటర్ పెడితే ఆ పని కరెంటు ఊసే లేకుండా అయిపోతుంది. వంటకు గ్యాస్ బండే. ఇండక్షన్ పొయ్యి గంట వాడితే 1.8 యూనిట్లు. ఇస్త్రీపెట్టె, రైస్ కుక్కర్ కావాలంటే పగలు పది నుంచి మూడు మధ్య వాడండి. ఆ వేళ ప్యానెల్ ఇచ్చేది నేరుగా వాడుకున్నట్టవుతుంది. వాషింగ్ మెషీన్ కూడా అంతే. అందులో నీళ్లు వేడి చేసే సెట్టింగ్ ఆపేసి.

నీళ్ల ట్యాంకు కూడా బ్యాటరీయే

బోరు లోతును బట్టి మోటార్ హార్స్‌పవర్ మారుతుంది. ఒక హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్ నడుస్తున్నప్పుడు కిలోవాట్ దాకా లాగుతుంది, స్టార్టింగ్‌లో దానికి మూడు నాలుగు రెట్లు. ఇంటి ఇన్వర్టర్‌ను ఈ ఒక్క మోటార్ కోసమే పెద్దది కొనాల్సి వస్తుంది. చాలామంది కొటేషన్లు ఉబ్బేది ఇక్కడే. బోరుకు ఎలాగూ వ్యవసాయ కనెక్షన్ ఉండి, లైన్ అక్కడికి వచ్చి ఉంటే ఇంటికి వేరుగా గృహ కనెక్షన్ అడగడానికి మళ్లీ ఒకసారి డిస్కం ఆఫీసుకు వెళ్లి రండి. అసలు లైనే లేకపోతే మోటార్‌కు విడిగా ప్యానెళ్లు, కంట్రోలర్ ఉన్న సోలార్ పంపు పెట్టి, ఇంటి బ్యాటరీతో సంబంధం లేకుండా చేయడం మేలు. ఎండ ఉన్నప్పుడు ట్యాంకు నింపుకుంటే రాత్రికి, మర్నాటికి నీళ్లుంటాయి. వెయ్యి లీటర్ల ట్యాంకు ధరకు అంత శక్తి దాచే బ్యాటరీ రాదు.

ఇన్వర్టర్ తిండి, బ్యాటరీ ఆయుష్షు

ఏ వస్తువూ నడవకపోయినా ఇన్వర్టర్ ఆన్‌లో ఉంటే కొంత తింటూనే ఉంటుంది. 30 వాట్లంటే చిన్న అంకెలా కనిపిస్తుంది. 24 గంటలకు 720 వాట్‌-అవర్లు. బల్బులు, టీవీ, రౌటర్ మూడూ కలిసినా అంత కాదు. మోటార్ కోసం, ఎప్పుడో పెట్టుకోబోయే ఏసీ కోసం 5 కేవీఏ ఇన్వర్టర్ కొని, దాని మీద రెండు ఫ్యాన్లు తిప్పే ఇళ్లలో ఈ నష్టం ఇంకా ఎక్కువ. స్పెసిఫికేషన్ షీట్‌లో నో-లోడ్ కన్సంప్షన్ అనే వరుస ఉంటుంది. అమ్మేవాళ్లు దాన్ని చదివి వినిపించరు, మీరే అడగాలి.

ఈ నష్టమే వద్దనుకుని డీసీ కరెంటుతోనే ఇల్లు నడిపే పద్ధతి ఒకటుంది. ప్యానెల్, బ్యాటరీ ఇచ్చేది డీసీ. ఎల్‌ఈడీ, బీఎల్‌డీసీ ఫ్యాన్, ఫోన్ లోపల వాడుకునేదీ డీసీయే. మధ్యలో ఏసీగా మార్చి మళ్లీ డీసీగా మార్చడం ఎందుకన్నది ఐఐటీ మద్రాస్‌లో అశోక్ ఝున్‌ఝున్‌వాలా బృందం వేసిన ప్రశ్న. 48 వోల్టుల డీసీ పద్ధతిని వాళ్లు రాజస్థాన్ ఎడారి పల్లెల్లోని వేలాది ఇళ్లలో పెట్టారు. ప్రభుత్వం కూడా ఈ దారి ఎరుగనిదేమీ కాదు. 2017లో మొదలైన సౌభాగ్య పథకంలో లైన్ వెళ్లలేని మారుమూల ఇళ్లకు ఇచ్చింది 200-300 వాట్ల ప్యానెల్, బ్యాటరీ, 5 ఎల్‌ఈడీ లైట్లు, ఒక డీసీ ఫ్యాన్, ఒక డీసీ ప్లగ్, ఐదేళ్ల మరమ్మతు బాధ్యత. ఫ్యాన్, బల్బులు ప్యానెల్‌తో పాటే కిట్‌లో వచ్చాయి గమనించండి. మన కొటేషన్లలో లేనిదే అది. చేలో ఒకే గది ఉండి, కాపలాదారు కుటుంబం ఉండే చోట ఇప్పటికీ ఇదే సరైన సైజు. ఫ్రిజ్, టీవీ ఉన్న ఇంటికి డీసీ వస్తువులు, వాటికి సర్వీస్ చేసేవాళ్లు జిల్లా కేంద్రంలో దొరకడం కష్టం కాబట్టి ఇన్వర్టర్ తప్పదు.

బ్యాటరీ ట్యూబులరా, లిథియమా అన్న చర్చకు అంతులేదు. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకంలో 80 శాతం పైన వాడుకోవచ్చు, ఎక్కువ ఏళ్లు వస్తుంది, నీళ్లు పోసే పని లేదు, మొదటి ఖర్చు ఎక్కువ. వారాంతపు ఇంటికైతే ఒక విషయం: ఐదు రోజులు తాళం వేసి ఉండే ఇంట్లో డిస్టిల్డ్ వాటర్ చూసేవారెవరు? ఇల్లు వదిలేటప్పుడు ఇన్వర్టర్ ఆపినా, బ్యాటరీని నింపే చార్జ్ కంట్రోలర్ మాత్రం పనిచేస్తూనే ఉండేలా చూడండి.

తాండూరు దుమ్ము, బండల కప్పు

తాండూరు చుట్టూ నాపరాయి గనులు, పాలిషింగ్ యూనిట్లు, సిమెంటు ఫ్యాక్టరీలు. ఆ సన్నటి పొడి ప్యానెళ్ల మీద కూర్చుంటే పైకి పెద్దగా కనపడదు, యూనిట్లలో కనపడుతుంది. వానాకాలం బయట వారానికోసారి పొద్దున్నే నీళ్లతో కడగాలి. ఎండ ముదిరాక కడిగితే వేడెక్కిన అద్దం మీద మరకలు పడతాయి. నిచ్చెన వేసుకుని చేరుకోగలిగే చోట ప్యానెళ్లు పెట్టమనడం కూడా ఈ లెక్కలో భాగమే. తోటలో ఎదిగే మామిడి చెట్టు నీడ మూడేళ్ల తర్వాత ఎక్కడ పడుతుందో ఇప్పుడే చూడండి.

రాతి కప్పు పగలంతా వేడి తాగి రాత్రంతా కక్కుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం ప్రకటించింది. దాని సారాంశం మన తాతలకు తెలిసిందే, కప్పుకు తెలుపు వేయడం. కూల్ రూఫ్ పెయింటో, సున్నమో వేస్తే గది వేడి తగ్గుతుంది, ఫ్యాన్ వేగం తగ్గించుకోవచ్చు. ఫ్రిజ్‌కూ మేలే. ఎండ పడే గోడకు ఆనించి, గాలి ఆడని మూలలో పెట్టిన ఫ్రిజ్ లేబుల్ మీద రాసినదానికన్నా ఎక్కువ తింటుంది.

పన్ను రాయితీ ఎవరికి?

2025 సెప్టెంబర్ 22 నుంచి సోలార్ ప్యానెళ్లపై జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. ఏసీలపై 28 నుంచి 18కి తగ్గింది. ఫ్యాన్, ఫ్రిజ్, బ్యాటరీ 18 శాతంలో ఉన్నాయి. 30 వాట్ల ఫ్యాన్‌కూ 75 వాట్ల ఫ్యాన్‌కూ పన్ను ఒకటే. 2015లో ఉజాలా పథకం ఎల్‌ఈడీ బల్బుల ధరను సామాన్యుడికి అందేలా దించింది. ఫ్యాన్లకూ అలాంటిదే చేస్తామంటూ 2023 నవంబర్‌లో కేంద్రం 1 కోటి సమర్థవంతమైన ఫ్యాన్ల కార్యక్రమాన్ని ప్రకటించింది. బల్బులకు దొరికిన ఊపు ఫ్యాన్లకు రాలేదు. కరెంటు తయారుచేసుకునేవారికి ఇచ్చే సాయంలో కొంతైనా తక్కువ వాడే వస్తువులకు ఇచ్చి ఉంటే స్తంభం లేని ఇళ్లకు అన్నింటికన్నా ముందు ఉపయోగపడేది.

డబ్బు కట్టే ముందు

ఇన్‌స్టాలర్‌కు మీ వస్తువుల పట్టిక మీరే ఇవ్వండి, వాట్లు, గంటలు రాసి. జులై, ఆగస్టు నెలల్లో రోజుకు ఎన్ని యూనిట్లు చేతికొస్తాయో కొటేషన్‌లో రాయమనండి. బ్యాటరీ వారంటీ ఎన్నేళ్లు, అందులో ఉచిత మార్పిడి ఎంతకాలం, మిగతాది ప్రొరేటానా అన్నది అడిగి రాయించుకోండి. ఇన్వర్టర్ పాడైతే సర్వీస్ మనిషి వికారాబాద్ నుంచి వస్తాడా, హైదరాబాద్ నుంచా, ఎన్ని రోజుల్లో? జీఎస్టీ నంబర్, సీరియల్ నంబర్లు ఉన్న బిల్లు తీసుకోండి. రాసిచ్చింది ఒకటి, పెట్టింది ఇంకొకటి అయితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు, తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. రెండు చోట్లా మొదట అడిగేది బిల్లే.